రాజలింగం సార్ చెకింగ్

ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం అద్దాలు తుడుస్తారు. సీసాలోంచి నీలం నీళ్లు అద్దం మీద చిమ్మగానే ఘాటైన వాసన ఒకటి గదంతా పాకుతుంది. మిగతావాళ్లు ముక్కు చిట్లించి మళ్లీ పనిలో పడతారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి, ఫైలు సేవ్ చేసి, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరికోసం చూస్తున్నావని పక్క సీటు అమ్మాయి చాలాసార్లు అడిగింది. ఏమని చెప్పను? ఆ నీళ్లలో ఉండేది అమ్మోనియా. రాజలింగం సార్ గదిలో, డ్రాయింగులకు నకళ్లు తీసే పాత యంత్రం ఒకటి మూలన పడి ఉండేది. దాన్ని వాడటం మానేసి ఎన్నేళ్లయిందో గాని ఆ ఘాటు మాత్రం గోడల్ని వదల్లేదు. అందుకే ఆ వాసన తగిలితే అందరికీ తుమ్ము వస్తుంది, నాకు అనుమానం వస్తుంది.

అప్పట్లో మా ఆఫీసు ఆబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. మిర్చిపొడి, పసుపు, ధనియాలపొడి ప్యాకెట్లలో నింపే యంత్రాలకు మేం డ్రాయింగులు గీసేవాళ్లం. వాటిని చూసి ఊరి బయట ఉన్న కార్ఖానాలో యంత్రాలు తయారుచేసేవాళ్లు. యజమానిని అందరం శేఠ్ అనేవాళ్లం. వాళ్లది తాతల కాలం నుంచీ బేగంబజార్‌లో మసాలా దినుసుల వ్యాపారం. రాజలింగం సార్ అక్కడ చెకర్. ఎవరు గీసిన డ్రాయింగైనా ముందు ఆయన కళ్లబడాలి, ఆయన సంతకం పడ్డాకే కార్ఖానాకు పోవాలి. బక్కపలచని మనిషి. ఎడమచేతి వాటం. చొక్కా జేబులో ఎప్పుడూ రంగు పెన్సిళ్లు ఉండేవి. అనుమానం ఆయనకు పుట్టుకతోనే వచ్చిందని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. లిఫ్ట్ ఎక్కేవారు కాదు, దాని తీగను తాను చెక్ చేయలేదని. చాయ్ అంతా సాసర్‌లో పోసుకుని, కప్పు అడుగు చూశాకే తాగేవారు. సాయంత్రం తాళం వేసి గుంజి, సగం మెట్లు దిగి, మళ్లీ పైకెక్కి ఇంకోసారి గుంజేవారు.

నా సంగతికొస్తే, మాది జనగామ వైపు పత్తిచేలు చేసుకునే ఇల్లు. మెకానికల్ డిప్లొమా చేసి, పని దొరక్క కోఠిలో ఒక జిరాక్స్ షాపులో కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేస్తూ కూర్చున్నాను. నాంపల్లిలో ఆడపిల్లల హాస్టల్‌లో మంచం, పెట్టె, అంతే నా ప్రపంచం. చదివిన చదువుకు తగ్గ పని ఎవరైనా ఇస్తారా అని ఎదురుచూస్తున్న రోజుల్లో, నేను పెట్టుకున్న దరఖాస్తు చూసి శేఠ్ కబురు చేశాడు. ఆయన కొత్తగా ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నాడు. "ట్రయల్ మీద తీసుకుంటున్నమ్మా. మిర్చి మిషన్ మొత్తం గీ కొత్తదాంట్ల చేసి చూపిస్తే పర్మినెంట్. చేతగాకుంటే చెప్పు, ఫికర్ లేదు, పాతదాంట్లనే నడిపిస్త," అన్నాడు. ఆయనకు ఫికర్ లేకపోవచ్చు. నాకు మాత్రం చేతగాకపోతే మళ్లీ కోఠి జిరాక్స్ షాపే దిక్కు. డిప్లొమా సర్టిఫికెట్ పెట్టె అడుగున పడి ఉంటుంది.

ఆ సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం చెప్పాలి. పాతదాంట్లో గీత అంటే గీతే. కాగితం మీద గీసినట్టు ఎక్కడ గీస్తే అక్కడ పడి ఉంటుంది. కొత్తదాంట్లో అలా కాదు. ప్రతి గీతకూ అది దేనితో ఎలా ఉండాలో చెప్పాలి. ఇది అడ్డంగా ఉండాలి, ఈ రెండూ సమానంగా ఉండాలి, ఈ రంధ్రం ఆ గీతకు సరిగ్గా నడుమ ఉండాలి, అని. వీటిని కన్‌స్ట్రెయింట్లు అంటారు. రాజలింగం సార్‌కు ఆ మాట నోరు తిరగక కట్లు అనేవారు, నాకూ అదే అలవాటైంది. ఏ గీతకైనా కట్టు తక్కువైతే అది మౌస్ తగలగానే జారిపోతుంది. ఒకే పనికి రెండు కట్లు పడితే సాఫ్ట్‌వేర్ మొరాయించి ఎర్రబడుతుంది. అన్నీ సరిపోతే బొమ్మంతా ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు ఆ గీతల్ని మందమున్న పలకగా తెర మీద పైకి లేపమంటే లేపుతుంది.

మొదట నాకిచ్చింది యంత్రం ముందు బిగించే అడ్డుపలక. లోపల రెండు వేడి దవడలు టకటకా మూసుకుంటూ ప్యాకెట్ అంచుల్ని అతికిస్తుంటాయి. ఆ దవడల్లోకి చెయ్యి పోకుండా ఈ పలక అడ్డం ఉంటుంది. ప్యాకెట్ కింద పడటానికి దాంట్లో ఒక సందు. ఆ సందులోంచి ప్యాకెట్ రావాలి గాని వేళ్లు లోపలికి దూరకూడదు. చూడ్డానికి అదొక రేకుముక్క, నాలుగు అంచులు, కొన్ని రంధ్రాలు. కానీ సందు ఎంత ఉండాలో అంతే ఉండాలి. దానికోసం నేను ఎంత తిప్పలు పడ్డానో నాకే తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం బొమ్మంతా ఆకుపచ్చగా మారింది. సంబరంగా సార్‌ను పిలిచాను. ఆయన వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చూశారు.

"అన్నీ సరిపోయినయ్ సార్. పచ్చగైంది," అన్నాను.

"పచ్చగైతే?"

"అన్నీ కరెక్టేనని సార్."

"ఎవరు చెప్పిన్రు?"

"కంప్యూటరే చెప్తది సార్."

"తప్పు పోతే గా కంప్యూటర్ వచ్చి కార్ఖానోళ్ల తిట్లు పడ్తదా?" అని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "గీ సందుకు ఏసిన కట్టు ఒక్కటి విప్పు. విప్పి గుంజి చూడు. నువ్వు అనుకున్నది కదిలితే ఆ కట్టు మంచిదే. ఇంకేదన్న కదిలిందనుకో, నువ్వు ఒకదానికి కట్టిననుకుంటున్నవు, అది ఇంకోదానికి కట్టుంది."

విప్పి గుంజాను. సందు అంచు కదలాలి. సందు కదలకుండా పైనున్న రంధ్రం జరిగింది. నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. నేను గీత గీస్తున్నప్పుడు మౌస్ ఆ రంధ్రం పక్కనుంచి పోయింది. నేను అడగకుండానే సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆ రెంటికీ ముడివేసేసింది. అది దాని సౌకర్యమట. గీసేవాళ్లకు శ్రమ తగ్గించడానికి అలా చేస్తుందట.

"నేను ఎయ్యలేదు సార్ గది."

"మరి?"

"అదే ఏసుకున్నది."

సార్ తల పంకించారు. ఆయన మొహంలో ఒక తృప్తి కనిపించింది, తన అనుమానమే నిజమైనందుకు. "సూసినవా బిడ్డా. అడగకముందే సాయం చేసేటోళ్లను జర కనిపెట్టుకొని ఉండాలె," అని లేచి వెళ్లిపోయారు. ఆ మాట నాకు బాగా నాటుకుంది. ఎంత బాగా నాటుకుందంటే, కొద్ది రోజుల్లోనే దాన్ని ఆయన మీదికే తిప్పాను.

ఎందుకంటే ఆ తర్వాత నుంచి నా బొమ్మలు పాడవడం మొదలైంది. సాయంత్రం హాస్టల్‌కు బయల్దేరే ముందు ప్రతి మూలా పట్టుకుని గుంజి, కట్లు విప్పి, కట్టి, ఆకుపచ్చగా ఉందని నిర్ధారించుకుని సేవ్ చేసేదాన్ని. పొద్దున వచ్చి తెరిస్తే ఎర్రగా ఉండేది. పలకగా లేపమంటే లేపనని మొండికేసేది. కట్ల పట్టికలో నేను ఎరగని కట్లు బోలెడు కనిపించేవి. ఏది విప్పాలో, ఏది ఉంచాలో అర్థమయ్యేది కాదు. ఒకటి విప్పితే ఇంకోటి ఎర్రబడేది. చివరికి విసుగొచ్చి మొత్తం చెరిపేసి మొదటినుంచి గీసేదాన్ని. సాయంత్రానికి పచ్చగా, పొద్దునకు ఎర్రగా. తప్పు నాదే అనుకుని ట్యుటోరియల్ వీడియోలు చూశాను. హాస్టల్ మంచం మీద పడుకుని కళ్లు మూసుకుంటే ఎర్రగీతలే కనిపించేవి. శేఠ్‌కు పొద్దున్నే వచ్చి నా తెర వైపు చూసే అలవాటు. ఆయన ఎప్పుడు చూసినా ఎరుపే.

"ఏందమ్మా స్వరూపా, రోజూ గీ లాల్ రంగు? నిన్న సాయంత్రం అంత ఓకే అన్నవు."

"నిన్న నేను పోయేటప్పుడు మంచిగనే ఉండె శేఠ్."

"మరి నువ్వు పోయినంక గదే ఖరాబైందా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "చూడమ్మా, సోమవారం గీ పలక కార్ఖానాకు పోవాలె. పోకపోతే వేణుతోని పాతదాంట్లనే గీయిస్త. నువ్వు మళ్ల వేరే ఎక్కడన్న చూసుకో."

వేణు అంటే నా పక్క సీటు. వాళ్లది గౌలిగూడ, మంచి మాటకారి. పాత సాఫ్ట్‌వేర్‌లో గీసేవాడు కాబట్టి అతనికి ఏ ఎరుపూ లేదు. శేఠ్ అటు వెళ్లగానే కుర్చీ నా వైపు జరిపాడు.

"నాకెందుకులే గాని, ఒక్కటి చెప్త. లింగం సార్‌కు కొత్తదంటే పడదు. గీ సాఫ్ట్‌వేర్ వస్తే చెకర్ అవసరమే లేదని దాన్ని అమ్మినాయన శేఠ్ ముంగట అన్నడు, సార్ అక్కడనే ఉన్నడు. నువ్వు ఫెయిలైతే పాతదే ఉంటది. పాతదుంటే ఆయన కుర్సీ ఉంటది. జర సోచాయించు."

సోచాయించాను. ఆ రోజంతా అదే ఆలోచన తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ ఆఫీసులో అన్ని కంప్యూటర్లకూ ఒకటే పాస్‌వర్డ్, శేఠ్ వాళ్ల దుకాణం పేరు. ఎవరైనా తెరవచ్చు. సాయంత్రం అందరికన్నా చివర్న తాళం వేసేది సార్. మధ్యాహ్నం వచ్చి స్టూలేసుకుని కూర్చుని, నవ్వుతూ కట్లు విప్పడం నేర్పేదీ ఆయనే. పగలు నేర్పి, నేను వెళ్లాక చెడగొడుతున్నారా? అలా ఎవరైనా చేస్తారా? చేస్తారేమో. నేనుంటే ఆయన కుర్చీ పోతుందంటే ఎందుకు చేయరు? అప్పటినుంచి ఆయన ఏం మాట్లాడినా అందులో ఇంకో అర్థం ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను. "తిన్నవా బిడ్డా?" అంటే, నన్ను సీట్లోంచి లేపడానికేనా అనిపించేది. "గుంజి చూసినవా?" అంటే, నా పని ఎంతవరకు వచ్చిందో ఆరా తీస్తున్నారనిపించేది. ఆయన నా వెనక నిలబడితే ముందుగా ఆ అమ్మోనియా ఘాటు వచ్చేది, నా వీపు బిగుసుకుపోయేది.

ఒక సాయంత్రం వెళ్లేముందు మౌస్‌ను కీబోర్డుకు కుడిపక్కన, దాని కింద వేసే అట్ట అంచుకు ఆనించి పెట్టాను. పొద్దున వచ్చేసరికి అది ఎడమపక్కన ఉంది. ఆఫీసులో ఎడమచేతి వాటం ఒక్కరికే. అనుమానం ఉన్నంతసేపూ, కాకపోతే బాగుండు అని ఒక మూల ఆశ ఉంటుంది. ఆ ఆశ కాస్తా పోయింది.

అయినా సార్ దగ్గరికి ఉత్తచేతులతో ఎలా వెళ్లను? బొమ్మ తెరిచాను. ఎర్రగా ఉంది. ఈసారి చెరిపేయలేదు. ఆయన నేర్పిన పద్ధతిలోనే, ఒక్కో కట్టు విప్పుతూ ఒక్కో మూలా గుంజుకుంటూ వచ్చాను. పై అంచు చివర కట్టు విప్పి గుంజితే గీత నా మౌస్‌తో పాటు కిందికి వచ్చింది. వచ్చింది గాని, పై అంచు ఇంకా అక్కడే ఉంది. కళ్లు నులుముకుని చూశాను. ఒక గీత నా చేతిలో ఉంది, ఇంకో గీత దాని స్థానంలో అలాగే ఉంది. నేను గీసింది ఒకటే. పక్క అంచు గుంజాను, అదీ రెండే. సందు చుట్టూ రెండే. ఒక్క గీత కూడా వదలకుండా, ప్రతి గీత మీదా ఇంకో గీత ఎవరో దిద్దినట్టు గీశారు. చూసే కంటికి రెండూ ఒకటే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రెండు. పైన గీసిన ప్రతి గీతనూ అది అడగకుండానే కింది గీతకు ముడివేసింది. ఉన్న కట్టు మీదే మళ్లీ కట్టు పడి, ఎర్రబడక ఏం చేస్తుంది? ఇది పొరపాటున తగిలిన చెయ్యి కాదని అర్థమైంది. ఎవరో ఓపిగ్గా కూర్చుని చేసిన పని.

ఆ సాయంత్రం బ్యాగు తగిలించుకుని అందరితో పాటు దిగాను. నాంపల్లి వైపు నడవకుండా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌లో చాయ్ తాగాను. దాని రుచి కూడా తెలియలేదు. బస్సుల మోతలో కాసేపు నిలబడి, మళ్లీ మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నా కుర్చీలో రాజలింగం సార్. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని, నా గీత మీద గీత గీస్తూ, కొలతలు తనలో తాను గొణుక్కుంటున్నారు.

"సార్," అన్నాను.

ఆయన ఉలిక్కిపడతారనుకున్నాను. తల కూడా తిప్పలేదు. "జర ఆగు బిడ్డా. గీ గీత అయిపోనియ్," అన్నారు.

"నా ఫైల్ల ఏం చేస్తున్రు సార్ మీరు?"

"చెకింగ్."

"చెకింగ్ చేసేటోళ్లు గీతలు ఎందుకు గీస్తున్రు?"

అప్పుడు తిరిగి చూశారు. అదేం ప్రశ్న అన్నట్టుంది ఆ చూపు. లేచి బీరువా తెరిచి, పాత డ్రాయింగ్ నకలు ఒకటి తీసి బల్ల మీద పరిచారు. కాగితం అంచులు చిరిగిపోయి ఉన్నాయి. దాని మీద ప్రతి గీత మీదా పసుపు పెన్సిల్ గీత ఉంది. ఒక్కటీ వదల్లేదు. అక్కడక్కడ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి.

"గిట్ల చేస్తం. చూసిన గీత మీద పసుపు పడాలె. పసుపు పడలేదంటే చూడనట్టు లెక్క. ఉత్త కండ్లతోని చూస్తే కన్ను దాటేస్తది, చెయ్యి దాటదు. గీడ పసుపు రంగు దొర్కుతలేదు నాకు. ఏ రంగు పెట్టినా గీత నీ గీతల్లనే కలిసిపోతున్నది. పోనీలే, నా చెయ్యి గీత మీద తిరిగింది కదా అని చేస్తున్న."

"నేను పోయినంక ఎందుకు సార్? నేనున్నప్పుడే చేయొచ్చు కదా?"

"గీసినోళ్లు పక్కన కూసుంటే కన్ను మొగమాటపడ్తది. మేమెప్పుడూ గంతే. పొద్దుగూకినంక చెక్ చేసి వాళ్ల బల్ల మీద పెట్టి పోతం. తెల్లారి వాళ్లే చూసి సరిజేసుకుంటరు. ఎవరూ ఎవర్ని ఒక్క మాట అనేది లేదు." ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "నీ దాంట్ల మస్తు తప్పులున్నయ్ బిడ్డా. నేను గీత దిద్దినకొద్దీ ఎర్రగైతున్నది. దొరికిన తప్పు పోవద్దని సేవ్ చేసి పెడుతున్న. నువ్వేమో తెల్లారి అంతా చెరిపేసి మళ్ల గదే గీస్తున్నవు. ఎందుకు గట్ల చేస్తున్నవో నాకు సమజైతలేదు. నాతోని దాస్తున్నవా అని డౌటొచ్చింది."

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. నేను ఆయన్ని అనుమానించినన్ని రోజులూ ఆయన నన్ను అనుమానిస్తున్నారు. ఇద్దరం ఒకే ఎరుపు చూస్తున్నాం. ఇద్దరం నోరు విప్పలేదు. నేను కుర్చీలో కూర్చుని, కొత్తగా తెల్లటి పేజీ తెరిచి, ఒక పలక గీసి, కట్లు వేసి, పచ్చగా చేసి చూపించాను. "ఇప్పుడు మీరు చెక్ చేయండి సార్," అన్నాను. ఆయన పై అంచు మీద గీత దిద్దారు. అంచు ఎర్రబడింది. నేను ఒక చివర కట్టు విప్పి గుంజాను. ఒక గీత కిందికి వచ్చింది.

"ఇది మీది సార్. అక్కడ ఉన్నది నాది."

రాజలింగం సార్ కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "అంటే గిన్ని రోజులు..." అని ఆపేశారు. తర్వాత, "పో బిడ్డా, చీకటి పడ్తున్నది. రేపు మాట్లాడుదం," అన్నారు. ఇద్దరం కలిసే దిగాం. ఆ రోజు ఆయన తాళం వేసి గుంజి చూడలేదు.

దాంతో నా అనుమానం తీరిపోయిందనుకునేరు. లేదు. హాస్టల్‌కు నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. రేపు మాట్లాడుదాం అన్నారు, ఎవరితో? ఆయన చెకర్, నేను ట్రయల్ మీద ఉన్నదాన్ని. ఇన్నేళ్ల మనిషి తన చెకింగే తప్పని తన నోటితో ఒప్పుకుంటాడా? నాకన్నా ముందు శేఠ్ దగ్గరికి వెళ్లి, ఈ పిల్లకు ఏమీ రాదు, అడిగితే నా మీద పడుతున్నది అంటే, శేఠ్ ఎవరి మాట వింటాడు? పొద్దున అందరికన్నా ముందు వెళ్లాలని గబగబా తయారై వెళ్లాను. అప్పటికే శేఠ్ గది తలుపు మూసి ఉంది. అద్దంలోంచి సార్ వీపు కనిపించింది. చేతులు కట్టుకుని నిలబడి ఏదో చెబుతున్నారు. శేఠ్ తలెత్తి ఆయన భుజం మీదుగా నా వైపు చూశాడు. అయిపోయింది అనుకున్నాను. వేణు పక్కనుంచి, "నేను చెప్పలే?" అన్నాడు. కోఠి షాపులో నా స్థానంలో ఎవరినైనా పెట్టుకున్నారేమో అని కూడా ఆలోచించాను.

లోపలికి పిలిచారు. శేఠ్ మొహం చిరాగ్గా ఉంది.

"లింగం సాబ్, నాకు చెప్పింది గీ అమ్మాయి ముంగట మళ్ల చెప్పున్రి."

సార్ నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ, "ఎరుపు గీ పిల్లది గాదు. నాది. పిల్ల గీసింది సాఫే ఉన్నది. నేనే దాని మీద గీతలు గీసి ఖరాబు చేసిన. తెల్వక చేసిన, గాని చేసింది నేనే," అన్నారు.

"గింత సీనియర్ మీరు. గీ అమ్మాయిని ఇంటికి పంపిస్తుంటి కదా నేను!" శేఠ్ గొంతు పెరిగింది. "ఇగ మీరు కొత్త ఫైళ్లు ముట్టకున్రి. పాస్‌వర్డ్ మారుస్త. పాత నకళ్లు చూసుకోండి, సామాన్ల ఆర్డర్లు చూసుకోండి. చాలు."

"మంచిది," అన్నారు సార్.

ఆ పలక సోమవారం కార్ఖానాకు వెళ్లింది. నా ఉద్యోగం పర్మినెంట్ అయింది. నేను ఎంత సంతోషించాలో అంత సంతోషించలేకపోయాను. ఆయన ఒక్క మాట అనకుండా ఊరుకుని ఉంటే, శేఠ్ నా మాట నమ్మక నేను వెళ్లిపోయేదాన్ని, ఆయన పని ఆయనకు ఉండేది. వేణు చెప్పిన లెక్క అక్షరాలా నిజం. ఆ లెక్క సార్‌కూ తెలుసు. తెలిసీ పొద్దున్నే వచ్చి చెప్పారు. ఆయన మీద నాకు అప్పుడు పుట్టిన గౌరవం మామూలుది కాదు, దాంతో పాటే కొంచెం భయం కూడా పుట్టింది. అలాంటి పరీక్ష నాకొస్తే నేను చేయగలనా అని.

కొన్నాళ్లు ఆయన తన గదిలోంచి బయటికి రాలేదు. బోల్టుల ఆర్డర్లు రాసుకుంటూ కూర్చున్నారు. ఒకరోజు మధ్యాహ్నం స్టూలు మోసుకుని నా దగ్గరికి వచ్చారు. "బిడ్డా, గీ కట్లు నాకు జర నేర్పుతవా? శేఠ్‌ను అడిగిన. నువ్వు పక్కనుంటే ముట్టొచ్చన్నడు," అన్నారు. నేర్పాను. ఎడమచేతికి మౌస్ మార్చిపెట్టాను. గీత గీస్తున్నంతసేపూ ఒక మీట నొక్కిపడితే సాఫ్ట్‌వేర్ తనంతట తాను ముడులు వేయదని చెబితే, ఆ మీటను ఆయన ఎంత గట్టిగా నొక్కిపట్టేవారంటే వేలు తెల్లబడేది. "మళ్ల కట్టింది సూడు, నన్ను అడిగిందా?" అని దాన్ని తిట్టేవారు. ఆయనకు అది చేతనవడానికి చాలా రోజులు పట్టింది. చివరికి పసుపు మిషన్‌కు అడ్డుపలక ఒకటి తనంతట తాను గీశారు. కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నారు. తాను స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"చెక్ చెయ్," అన్నారు.

"మీరు జర కిందికి పోయి చాయ్ తాగి రండి సార్. నేను చూసి పెడ్త."

"పోను. నా ముంగటనే చెయ్."

మూలలు గుంజాను. కదల్లేదు. రంధ్రాలు గుంజాను. కదల్లేదు. సందు కింది అంచు పట్టుకుని గుంజితే అది మౌస్‌తో పాటు జారి వచ్చింది. సందు చెయ్యంత వెడల్పయింది. నేను గబుక్కున దాన్ని వెనక్కి నెట్టేశాను. ఆయన వయసేమిటి, నా వయసేమిటి. నేను చప్పుడు చేయకుండా ఒక కట్టు వేసేస్తే సరిపోతుంది, ఆయనకు తెలియాల్సిన పనేముంది అనుకున్నాను. నా చెయ్యి కట్టు వేయడానికి పోయింది.

"ఏమైంది?" అన్నారు సార్.

"ఏం లేదు సార్."

"కదిలింది. నేను చూసిన." ఆయన గొంతులో కోపం లేదు. "నోటితోని చెప్పు బిడ్డా. నాకు సిగ్గైతదని నువ్వు సప్పుడు జేయక సరిజేస్తే, రేపు నేను మళ్ల గట్లనే గీస్త. గా మిషన్ కాడ నిలబడేటామె నాకు తెల్వదు, నీకు తెల్వదు. గామె వేళ్లు పోతయ్. నా సిగ్గు పెద్దదా, గామె వేళ్లు పెద్దయా?"

మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను. "సార్, కింది అంచుకు కట్టు లేదు. సందు పెద్దగైతది. ఇది తప్పు," అన్నాను.

"ఔ. తప్పే," అన్నారు. ఆయన మొహం చెవుల దాకా ఎర్రబడింది. అయినా స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుని, "ఎట్ల కట్టాల్నో చూపెట్టు," అన్నారు.

ఇప్పుడు నేను వేరే చోట, వేరే రకం యంత్రాలు చెక్ చేస్తున్నాను. పచ్చరంగును నమ్మను. కట్లు విప్పి గుంజి చూస్తాను. కానీ గీసినవాళ్లు లేనప్పుడు వాళ్ల ఫైలు తెరవను. కుర్చీ లాక్కుని వాళ్ల పక్కనే కూర్చుంటాను. తప్పు కనబడ్డప్పుడు వాళ్ల మొహం మాడుతుంది, నా చెయ్యి ఇప్పటికీ చప్పుడు చేయకుండా కట్టు వేసేయడానికి పోతుంది. ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపిస్తుంది. అప్పుడు, సార్ గాని నేను గాని ఎన్నడూ చూడని ఒకామె, ముక్కుకు కొంగు కట్టుకుని, మిర్చి ఘాటుకు కళ్లలో నీళ్లు కారుతుంటే, ఇరుక్కున్న ప్యాకెట్ కోసం యంత్రంలోకి చెయ్యి చాపుతూ కనిపిస్తుంది. పక్కనున్న మనిషి మొహంలోకి చూసి, ఇది తప్పు అని చెప్పేస్తాను.